మ్యూజియం కూడా సాక్ష్యం చెప్పాలి

మద్రాసులో ప్రభుత్వ మ్యూజియం 1851లో మొదలైంది. మొదట దాన్ని నుంగంబాక్కంలో సెయింట్ జార్జి కోట కాలేజీ భవనంలో పెట్టారు. ఎడ్వర్డ్ బాల్ఫర్ అనే సైనిక వైద్యుడు దాని బాధ్యత చూశాడు. మూడేళ్లకు ఎగ్మూరులోని పాంథియన్ ఆవరణకు మారాక అక్కడే కొన్ని జంతువులను కూడా ఉంచారు. తర్వాత వాటిని వేరే చోటికి తరలించి జూ చేశారు. పట్నం జనం మ్యూజియానికి ‘సెత్త కాలేజీ’ అనీ, జూకు ‘ఉయిర్ కాలేజీ’ అనీ పేర్లు పెట్టుకున్నారు. ఒకటి చచ్చిన కాలేజీ, ఇంకొకటి బతికిన కాలేజీ. కాలేజీ భవనంలో పుట్టింది కనుక ఆ మాట అలా అంటుకుపోయి ఉండవచ్చు. అయినా ఆ పేరులో రెండు ఆలోచనలు కలిసే ఉన్నాయి. అక్కడున్నవన్నీ ప్రాణం లేనివి అన్నది ఒకటి. అయినా అది నేర్చుకునే చోటు అన్నది రెండోది. మ్యూజియాల గురించి ప్రపంచమంతటా గత యాభై అరవై ఏళ్లుగా సాగుతున్న చర్చ ఈ రెండింటి మధ్యనే తిరుగుతోంది. గడిచిపోయినవాటిని భద్రంగా దాచడంతో మ్యూజియం పని అయిపోతుందా? లేక బతికున్న మనుషులు భూమి గురించి, జాతి గురించి, కులం గురించి, చరిత్ర గురించి పడుతున్న తగవుల్లో దానికీ ఒక పాత్ర ఉందా? ఉందన్నదే ఈ వ్యాసం వాదన. అయితే దానికొక షరతుంది. ఆ షరతు పాటించని మ్యూజియం నోరు మూసుకున్నా, గొంతు చించుకున్నా పౌరజీవితానికి ఒరిగేదేమీ లేదు.

మ్యూజియాలు రాజకీయాలకు దూరంగా పుట్టాయని చాలామంది అనుకుంటారు. చరిత్ర అలా లేదు. పారిస్‌లో ఒకప్పటి రాజభవనం లూవ్ర్ మ్యూజియంగా జనానికి తెరుచుకున్నది 1793 ఆగస్టు 10న. ఫ్రాన్సులో రాచరికం కూలి సరిగ్గా ఏడాది నిండిన రోజది. నిన్నటిదాకా రాజు చూసుకున్న బొమ్మలు ఇక పౌరులవని చాటడమే అందులోని ఉద్దేశం. ప్రజా మ్యూజియం అన్న ఊహే ఒక పెద్ద రాజకీయ మార్పులోంచి వచ్చింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికాలోని నూవార్క్‌లో జాన్ కాటన్ డానా అనే గ్రంథాలయాధికారి, మ్యూజియం ఊరివాళ్ల రోజువారీ బతుక్కి ఉపయోగపడాలని వాదించి, 1909లో ఒకదాన్ని స్థాపించి చూపించాడు. 1971లో కెనడాకు చెందిన డంకన్ కామెరాన్ ఈ చర్చకు ఇప్పటికీ అందరూ వాడుతున్న రెండు పోలికలు ఇచ్చాడు. మ్యూజియం గుడిలాంటిదా, రచ్చబండలాంటిదా అని అడిగాడు. సమాజానికి రెండూ కావాలి, కానీ ఒకదాన్ని ఇంకొకటిగా మార్చేయకూడదన్నది ఆయన అభిప్రాయం. 1972లో చిలీ రాజధాని శాంటియాగోలో యునెస్కో జరిపిన సమావేశం మ్యూజియాలు సమాజం సమస్యలతో ముడిపడి పనిచేయాలని చెప్పింది. అంతర్జాతీయ మ్యూజియాల మండలి 2019లో క్యోటోలో కొత్త నిర్వచనం మీద ఓటింగు పెట్టబోతే సభ్యుల్లో అత్యధికులు వాయిదా కోరారు. ప్రజాస్వామ్యం, బహుళ స్వరాలు వంటి మాటలతో నిండిన ఆ ముసాయిదా నిర్వచనంలా లేదు, నినాదంలా ఉందన్నది వాళ్ల అభ్యంతరం. చివరికి 2022 ఆగస్టు 24న ప్రాగ్‌లో ఒక మధ్యేమార్గాన్ని ఆమోదించారు. సేకరణ, పరిరక్షణ, పరిశోధన అన్న పాత మాటల పక్కన అందరికీ అందుబాటు, సముదాయాల భాగస్వామ్యం అన్న కొత్త మాటలు చేరాయి.

గుడి, రచ్చబండ పోలికలు అందంగా ఉన్నా రెండింట్లోనూ ఒక లోటుంది. గుడిలో ప్రశ్న అడగరు. రచ్చబండ మీద గొంతు పెద్దదైన వాడి మాట చెల్లిపోతుంది. మ్యూజియం దగ్గర ఈ రెండు చోట్లా లేనిది ఒకటుంది, అది వస్తువు. వాదించేవాడు పోయినా, వాదన మరుగున పడినా వస్తువు మిగిలి ఉంటుంది, మళ్లీ చూడమంటుంది. కాబట్టి మ్యూజియాన్ని సాక్షితో పోల్చడం సరైనదని నాకు తోస్తుంది. సాక్షి వకీలు కాడు, ఎవరి తరఫునా వాదించడు. తీర్పు చెప్పే పనీ అతనిది కాదు. కానీ సాక్షి బోనెక్కినప్పుడు రెండు రకాల ప్రశ్నలకు జవాబివ్వాలి. నువ్వేం చూశావన్నది మొదటిది. నువ్వక్కడికి ఎలా వచ్చావు, ఇది నీ చేతికి ఎలా చిక్కింది అన్నది రెండోది. లోకంలో చాలా మ్యూజియాలు మొదటి ప్రశ్నకు గడగడా జవాబు చెబుతాయి, రెండోదానికి నోరు విప్పవు. నేనన్న షరతు ఇదే. తన చేతికి వస్తువు ఎలా వచ్చిందో చెప్పని మ్యూజియానికి ప్రజల చర్చలో సాక్ష్యం చెప్పే అర్హత సగమే ఉంటుంది.

దీనికి అమరావతి కంటే మంచి ఉదాహరణ మనకు దొరకదు. కృష్ణ ఒడ్డున ధరణికోట పక్కన జనం దీపాలదిన్నె అని పిలిచే ఒక దిబ్బ ఉండేది. 1790లలో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అక్కడ కొత్త ఊరు కట్టిస్తున్నప్పుడు రాళ్ల కోసం దాన్ని తవ్వారు. ఆ శతాబ్దం చివర్లో సర్వేయరు కోలిన్ మెకంజీ ఆ చోటు చూశాడు, 1816లో మళ్లీ వచ్చి బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి తీసిన శిల్పాలు మద్రాసు చేరి, 1859లో ఓడెక్కి లండన్ వెళ్లాయి. అక్కడ కొన్నేళ్లు ఎవరికీ పట్టకుండా పడి ఉంటే జేమ్స్ ఫెర్గూసన్ వాటిని గుర్తించి 1868లో పుస్తకం వేశాడు. 1880లో అవి బ్రిటిష్ మ్యూజియానివి అయ్యాయి. అదే సమయంలో మద్రాసు గవర్నరు ఆజ్ఞతో దిబ్బ మొత్తం తవ్వేస్తే, 1881లో వచ్చిన జేమ్స్ బర్జెస్‌కు స్తూపం ఉండాల్సిన చోట గొయ్యి కనిపించింది. మిగిలిన శిల్పాల్లో ఎక్కువ భాగం మద్రాసు మ్యూజియానికి చేరింది. ఇవాళ లండన్‌లో ఉన్నవి నూట ఇరవైకి పైనే. ఆంధ్రప్రదేశ్ రాజధానికి పెట్టుకున్నది ఆ ఊరి పేరే, కానీ ఆ పేరుకు ప్రపంచంలో గౌరవం తెచ్చిన శిల్పాల్లో పెద్ద భాగం లండన్‌లోనూ చెన్నైలోనూ ఉంది.

లండన్‌లో ఉన్న శిల్పాల్లో ఒక పలకను దగ్గరగా చూడాలి. దానికి రెండు ముఖాలున్నాయి. ఒక వైపు క్రీస్తుపూర్వం మొదటి శతాబ్దం నాటి చెక్కడం. బోధివృక్షం కింద ఖాళీ ఆసనం, చుట్టూ చేతులు జోడించిన భక్తులు. బుద్ధుడు ఉన్నాడని తెలుస్తుంది, రూపం మాత్రం కనిపించదు. సుమారు మూడు వందల ఏళ్ల తర్వాత అదే ఊళ్లో అదే రాతిని వెనక్కి తిప్పి, రెండో వైపు కొత్తగా చెక్కారు. ఈసారి నిండు స్తూపం, ప్రవేశం దగ్గర స్తంభాల మీద సింహాలు, మధ్యలో మనిషి రూపంలో బుద్ధుడు. ఆ మధ్యకాలంలో బుద్ధుణ్ని ఎలా చూపాలన్న విషయంలో ఆ జనం మనసు మారింది. పాత రాతిని పారేయలేదు, పాత ముఖాన్ని చెరిపేయలేదు, గోడ వైపు తిప్పారంతే. ఈ ఒక్క రాయి చాలు, సంప్రదాయం అన్నది మొదటి నుంచీ ఒకేలా ఉందనే వాదన నిలవదని చెప్పడానికి. వస్తువు చర్చలో చేయగల సాయం ఇలాంటిది. అయితే ఆ రాయికి మూడో కథ కూడా ఉంది. కృష్ణ ఒడ్డు నుంచి థేమ్స్ ఒడ్డుకు ఎవరి ఆజ్ఞతో, ఎవరిని అడిగి వెళ్లిందన్నది. మొదటి రెండు ముఖాల గురించి పండితులు ఎంతో రాశారు. మూడో ముఖం కూడా చూసేవాడికి అంతే స్పష్టంగా కనబడాలి.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం వస్తుంది. ఇలియట్ తీసుకెళ్లకపోతే ఆ రాళ్లు మిగిలేవా? పల్నాటి సున్నపురాయి అది. ఎన్నో శిల్పాలు బట్టీల్లో కాలి సున్నమయ్యాయి, ఇంకొన్ని గోడల్లోకీ మెట్లలోకీ పోయాయి. ఇది నిజం, దాచాల్సిన పని లేదు. కానీ ఆనాడే వేరే దారి చూపినవాళ్లు ప్రభుత్వంలోనే ఉన్నారు. ప్రాచీన కట్టడాల సంరక్షణాధికారిగా ఉన్న హెచ్. హెచ్. కోల్, అసలు శిల్పాలను అమరావతిలోనే ఉంచాలనీ, మ్యూజియాలకు కావాలంటే అచ్చులు తీసి పంపాలనీ గట్టిగా వాదించాడు. ఆయన మాట నెగ్గలేదు. పైగా తరలించినంత మాత్రాన రక్షణ దొరకలేదు. మద్రాసులో ఆ శిల్పాలను గోడలకు సిమెంటుతో బిగించారు. ఆ బిగింపు వల్లనే రాయి దెబ్బతిని, తర్వాతి తరాల సంరక్షకులకు పెద్ద తలనొప్పిగా మారింది. ఒకనాడు కాపాడామన్న మాట నిజమే కావచ్చు, కానీ అది ఆనాటికి సంబంధించిన జవాబు. ఈనాడు ఎవరి దగ్గర ఉండాలి, ఎవరికి దాని మీద మాట చెల్లాలి అన్న ప్రశ్నకు అది జవాబు కాదు.

సాక్షిగా నిలవడం ఎలా ఉంటుందో ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరం ఈమధ్యనే చూపించింది. ఎడ్వర్డ్ కోల్‌స్టన్ పదిహేడో శతాబ్దపు వ్యాపారి. ఆఫ్రికా మనుషులను బానిసలుగా అమ్మిన రాయల్ ఆఫ్రికన్ కంపెనీలో పెద్ద. ఊరికి దానధర్మాలు చేశాడని 1895లో నడిబజారులో అతని కంచు విగ్రహం నిలబెట్టారు. ఫలకం మీద ఏం రాయాలన్న తగవు ఏళ్ల తరబడి తెగలేదు. 2020 జూన్ 7న నిరసనకారులు విగ్రహాన్ని తాళ్లతో కూలదోసి, ఈడ్చుకెళ్లి రేవు నీళ్లలో పడేశారు. నాలుగు రోజులకు నగరపాలక సంస్థ దాన్ని బయటికి తీయించింది. మ్యూజియంవాళ్లు చేసిన పని గమనించదగ్గది. విగ్రహానికి పట్టిన బురద కడిగారు, కానీ నిరసనకారులు పూసిన ఎరుపు, నీలం రంగులు పోకుండా భద్రపరిచారు. ఏడాది తర్వాత ఎం షెడ్ మ్యూజియంలో దాన్ని నిలబెట్టకుండా వెల్లకిలా పడుకోబెట్టి, పక్కన ఆనాటి ప్లకార్డులు పెట్టి, దీన్ని ఏం చేద్దామని ఊరిని అడిగారు. దాదాపు పద్నాలుగు వేల మంది జవాబిచ్చారు. బ్రిస్టల్‌వాసుల్లో ప్రతి అయిదుగురిలో నలుగురు అది మ్యూజియంలోనే ఉండాలన్నారు. తిరిగి బజారులో నిలబెడితే కూల్చినవాళ్ల మాట చెరిగిపోయేది. కరిగించేస్తే 125 ఏళ్లు ఆ మనిషిని ఊరు గౌరవించిందన్న రుజువు మాయమయ్యేది. రంగుతో పడుకున్న విగ్రహం 1895నూ 2020నీ రెంటినీ చెబుతుంది. అమరావతి పలక లాగే దానికీ ఇప్పుడు రెండు ముఖాలు.

మ్యూజియం తటస్థంగా ఉండాలి కదా, ఇలాంటి తగవుల్లోకి దిగితే దాని మీద నమ్మకం పోదా అన్నది చాలామంది మనసులోని మాట. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. జనం మిగతా సంస్థల కంటే మ్యూజియాన్ని ఎక్కువ నమ్మడానికి కారణం అది ప్రచారం చేయదన్న భరోసానే. కానీ తటస్థత పేరుతో వెనక్కి తగ్గితే ఏమవుతుందో 1995లో వాషింగ్టన్‌లో తెలిసింది. హిరోషిమా మీద అణుబాంబు వేసిన ఎనోలా గే విమానాన్ని, యుద్ధం ముగిసి యాభై ఏళ్లయిన సందర్భంగా స్మిత్సోనియన్ వారి విమానయాన మ్యూజియం ప్రదర్శించాలనుకుంది. బాంబు వేయాలన్న నిర్ణయం వెనక జరిగిన చర్చ, కింద నేల మీద జరిగిన విధ్వంసం కూడా చూపాలని రాసుకుంది. మాజీ సైనికుల సంఘాలు భగ్గుమన్నాయి, సెనేట్ తీర్మానం చేసింది. ఆ సంవత్సరం జనవరిలో ప్రదర్శనను రద్దు చేశారు, మే నెలలో డైరెక్టరు మార్టిన్ హార్విట్ రాజీనామా చేశాడు. జూన్‌లో విమానం ముందు భాగాన్ని మాత్రం కుదించిన వివరాలతో పెట్టారు. యుద్ధంలో ప్రాణాలకు తెగించిన సైనికుల బాధ అబద్ధం కాదు. వాళ్ల మాటకూ ఆ గదిలో చోటుండాలి. కానీ మిగిలిన మాటలన్నీ తీసేశాక అది తటస్థం కాలేదు, ఒక పక్షాన నిలిచింది. విమానం ఉంది, అది చేసిన పని లేదు. సాక్షి సగం చెప్పి ఊరుకుంటే దాన్ని తటస్థత అనలేం.

మన దేశంలో ఈ చిక్కు ఇంకా ముదిరి ఉంది. ఇక్కడ పెద్ద మ్యూజియాలలో చాలావరకు ప్రభుత్వాలవి. జీతం ఇచ్చేది ప్రభుత్వం, డైరెక్టరును నియమించేది ప్రభుత్వం. ఏలికలు మారితే గోడ మీది రాతలు మారతాయన్న భయం ఊరికే పుట్టింది కాదు. ఢిల్లీలోని తీన్‌మూర్తి భవనం సంగతే తీసుకుంటే, నెహ్రూ స్మారక మ్యూజియంగా దశాబ్దాలపాటు నడిచిన సంస్థ ఆవరణలో 2022 ఏప్రిల్ 14న ప్రధానమంత్రులందరి మ్యూజియం తెరుచుకుంది, మరుసటి ఏడాది సంస్థ పేరు కూడా మారింది. ఒక్కరి జ్ఞాపకం అందరిదీ అయిందని కొందరు, ఒకరి జ్ఞాపకాన్ని కుదించడానికే ఈ మార్పని ఇంకొందరు అన్నారు. నా దృష్టిలో అసలు కొలత వేరు. ఏ ప్రధానమంత్రి గదిలోనైనా ఆయన కాలంలో వచ్చిన విమర్శకు ఎంత చోటు దక్కింది? ఎమర్జెన్సీ గురించి, చైనా యుద్ధం గురించి, నోట్ల రద్దు గురించి ఒకే కొలతతో మాట్లాడగలిగిన మ్యూజియాన్ని ఏ పార్టీవాడైనా నమ్ముతాడు. అలా మాట్లాడాలంటే సంరక్షకులకు ఉద్యోగ భద్రత కావాలి, గోడ మీది వాక్యం మీద చివరి మాట మంత్రిది కాకుండా వృత్తి తెలిసినవాళ్లది కావాలి. న్యాయమూర్తులకు, ఎన్నికల అధికారులకు స్వతంత్రత అవసరమని ఒప్పుకునే సమాజం మ్యూజియం సంరక్షకుడికీ అంతో ఇంతో ఆ రక్షణ కల్పించాలి.

మరో అభ్యంతరం పండితుల నుంచి వస్తుంది. సముదాయాల భాగస్వామ్యం అంటూ అందరినీ పిలిస్తే శాస్త్రం పలచబడుతుందని వాళ్ల దిగులు. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ దీనికి జవాబిచ్చింది. డిస్ట్రిక్ట్ సిక్స్ అనే పేటను 1966లో తెల్లవాళ్ల ప్రాంతంగా ప్రకటించారు. తర్వాతి ఏళ్లలో అరవై వేల మందికి పైగా ఖాళీ చేయించి ఇళ్లు నేలమట్టం చేశారు. జాతివివక్ష పాలన అంతమైన 1994లోనే, అక్కడి ఒక మెథడిస్టు చర్చిలో ఆ పేట పేరుతో మ్యూజియం తెరుచుకుంది. చర్చి నేల మీద ఆ పేట పటం పెద్దగా పరిచారు. పాత నివాసులు వచ్చి, వంగి, తమ ఇల్లు ఎక్కడుండేదో గుర్తుపట్టి పేరు రాసుకున్నారు. కూల్చేటప్పుడు పనిలో ఉన్న ఒక మనిషి పారేయకుండా దాచిన వీధి పేర్ల బోర్డులు పైన వేలాడతాయి. భూమి తిరిగి కావాలన్న వాళ్ల ఉద్యమానికి ఆ మ్యూజియం ఆసరా అయింది. ఏ ఇల్లు ఎవరిది, ఏ దుకాణం ఏ మూల మీద ఉండేది అన్న జ్ఞానం ఏ విశ్వవిద్యాలయంలోనూ లేదు, ఆ మనుషుల దగ్గరే ఉంది. వాళ్లను పిలవడం వల్ల శాస్త్రం పలచబడలేదు, శాస్త్రానికి దొరకని ఆధారం దొరికింది. జ్ఞాపకాన్ని పత్రాలతో సరిచూసుకునే పని పండితుడికి ఎప్పుడూ ఉంటుంది.

ఆ పటం గురించి తెలిసినప్పుడు తెలుగువాళ్లకు నాగార్జునకొండ గుర్తుకు రావాలి. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేశాడు. నీళ్లు నిండేలోగా లోయంతా తవ్వి చూడాలని 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పెద్ద ఎత్తున తవ్వకాలు జరిగాయి. ముఖ్యమైన కట్టడాలను కొండ మీదికి, కొన్నింటిని అనుపుకు చేర్చారు. 1966 నాటికి కొండ మీద మ్యూజియం సిద్ధమైంది. ఆ కొండ ఇప్పుడు నీళ్ల మధ్య ద్వీపం, లాంచీలో వెళ్లాలి. ఇంజనీర్లు, పురాతత్వవేత్తలు చేసిన ఆ పని గొప్పది, దాన్ని తక్కువ చేయడానికి వీల్లేదు. పదిహేడు వందల ఏళ్ల కిందట మహాచైత్యానికి దానం చేసిన చాంతిసిరి పేరు శాసనాల పుణ్యమా అని మనకు తెలుసు. కానీ అదే లోయలో పుల్లారెడ్డిగూడెం లాంటి పల్లెలు ఉండేవి. పొలాలు, ఇళ్లు వదిలి వెళ్లిన మనుషులు ఉన్నారు. కొండ మీది గదులు చెప్పేది ప్రధానంగా చాంతిసిరి కాలపు ఇక్ష్వాకు రాజుల కథ. లోయ ఖాళీ చేసిన కుటుంబాల కథకు ఆ స్థాయి చోటు దక్కలేదు. రాళ్లను కొండెక్కించిన శ్రద్ధలో కొంత ఊళ్ల పేర్ల మీద పెట్టినా, ఆ మ్యూజియం ప్రాజెక్టులు, పరిహారాల గురించి ఇవాళ్టికీ సాగుతున్న చర్చలో సాక్షి అయ్యేది. సాగర్ నీళ్లు లక్షల ఎకరాలకు అన్నం పెట్టాయన్న నిజాన్నీ, ఆ నీళ్ల కింద ఊళ్లున్నాయన్న నిజాన్నీ పక్కపక్కన పెట్టి చూపడానికి ఆ కొండను మించిన చోటు ఇంకెక్కడుంది?

ఇదంతా విన్నాక, ముందు దుమ్ము దులపండి, కాపలా పెట్టండి, తర్వాత చర్చల సంగతి చూద్దాం అనేవాళ్లుంటారు. వాళ్ల కోపంలో న్యాయముంది. 2016 ఏప్రిల్‌లో ఢిల్లీలోని జాతీయ ప్రకృతిచరిత్ర మ్యూజియం కాలిపోయింది. 2018 సెప్టెంబరులో బ్రెజిల్ జాతీయ మ్యూజియం బూడిదైంది. మన చందవరంలో జరిగింది ఇంకా దగ్గరి పాఠం. ప్రకాశం జిల్లాలోని ఆ బౌద్ధ క్షేత్రానికి చెందిన, మూడో శతాబ్దపు సున్నపురాతి శిల్పం ఒకటి 2005లో ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీ చేతికి చేరింది. న్యూయార్కు వ్యాపారి నాన్సీ వీనర్ దగ్గర కొన్నారు. అది భారతదేశంలో ఉన్నప్పటి ఫొటో బయటపడడంతో అమ్మకపు కాగితాలు అబద్ధమని తేలింది. 2016 సెప్టెంబరులో ఆ శిల్పాన్ని మన దేశానికి తిరిగి ఇచ్చేశారు. కాపలా లేకపోతే చర్చించడానికి వస్తువే మిగలదు, ఒప్పుకుంటాను. కానీ కాపలాకు డబ్బు ఎందుకు రాదో కూడా అడగాలి. ఎవరూ పట్టించుకోని మ్యూజియానికి బడ్జెట్ కోసం ఎవరూ గొడవ చేయరు. ఊరివాళ్లు తమదనుకున్న దాని తలుపు విరిగితే మర్నాటికల్లా కలెక్టరుకు అర్జీ వెళుతుంది. జనంతో సంబంధం ఉంటే దుమ్ము దులిపించడానికి అడిగే నోళ్లు పుడతాయి. ఈ రెండు పనుల్లో ఏది ముందన్న ప్రశ్న అందుకే సరైనది కాదు. ఇక పెద్ద దేశాల మ్యూజియాల్లోనే వస్తువులు క్షేమమన్న వాదనకు 2023 ఆగస్టులో బ్రిటిష్ మ్యూజియమే జవాబిచ్చింది. దాదాపు రెండు వేల వస్తువులు పోయాయనో, దెబ్బతిన్నాయనో అది స్వయంగా ప్రకటించింది, డైరెక్టరు పదవి వదులుకున్నాడు.

తిరిగి ఇవ్వడం మొదలుపెడితే మ్యూజియాలు ఖాళీ అయిపోతాయన్న భయం గురించి కూడా చెప్పాలి. జర్మనీ 2022 డిసెంబరులో బెనిన్ కంచు శిల్పాలు ఇరవై నైజీరియాకు అప్పగించింది. ఫ్రాన్స్ 2021లో 26 వస్తువులను బెనిన్ దేశానికి ఇచ్చింది. బెర్లిన్‌లోనూ పారిస్‌లోనూ మ్యూజియాలు నడుస్తూనే ఉన్నాయి. బ్రిటిష్ మ్యూజియం మాత్రం 1963 నాటి చట్టం అడ్డు చెబుతుందంటోంది. చట్టం మనుషులు చేసిందే. ఈ విషయంలో మన గడ్డ మీదే నూరేళ్ల పాత ఉదాహరణ ఉంది. 1892లో అలెగ్జాండర్ రే భట్టిప్రోలు స్తూపంలో రాతి పేటికలను, స్ఫటిక భరిణెలను, వాటిలోని ధాతువును వెలికితీశాడు. బ్రాహ్మీ లిపిలో రాతలున్న ఆ పేటికలు మద్రాసు మ్యూజియానికి చేరాయి. ధాతువును మాత్రం 1920లో మహాబోధి సభకు అప్పగించగా కలకత్తాలోని ధర్మరాజిక చైత్య విహారంలో ప్రతిష్ఠించారు. చదవాల్సినది మ్యూజియంలో, కొలవాల్సినది విహారంలో ఉండవచ్చని ఆనాటి వలస ప్రభుత్వమే ఒప్పుకుంది. 2025లో పిప్రహ్వా బౌద్ధ స్తూపంలో దొరికిన రత్నాలను హాంకాంగ్‌లో వేలం వేయబోతే మన ప్రభుత్వమూ బౌద్ధులూ అభ్యంతరం చెప్పారు. వేలం ఆగింది, జులైలో రత్నాలు దేశం చేరాయి. ఇలా అడిగేటప్పుడు మనం మన ఇంట్లో ప్రశ్నను కూడా ఒప్పుకోవాలి. లండన్‌ను అడిగిన నోటితోనే చెన్నైతో మాట్లాడాలి. 1953లో ఆంధ్ర రాష్ట్రం విడిపోయినా అమరావతి శిల్పాలు అక్కడే ఉండిపోయాయి. తగవు పడక్కర్లేదు. దీర్ఘకాలిక ఎరువు ఇచ్చిపుచ్చుకోవడం, ఉమ్మడి ప్రదర్శనలు ఒక దేశంలోని రెండు రాష్ట్రాలకు కష్టమైన పనులు కావు. 2023లో న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియంలో జరిగిన తొలినాటి బౌద్ధ కళ ప్రదర్శనకు తెలంగాణలోని ఫణిగిరి తోరణం సముద్రం దాటి వెళ్లగలిగినప్పుడు, చెన్నై శిల్పాలు కొన్ని కృష్ణ ఒడ్డుకు రావడం అసాధ్యం కాదు.

మ్యూజియం అంటే జనానికి ఆసక్తి లేదనేవాళ్లు సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే వేళ అక్కడి గడియారం ముందు నిలబడి చూడాలి. చిన్న గడ్డపు బొమ్మ తలుపు తీసుకుని వచ్చి గంట కొట్టి లోపలికి పోతుంది. దానికోసం పల్లెల నుంచి వచ్చిన కుటుంబాలు, బడి పిల్లలు, పాతబస్తీ ముసలివాళ్లు, పెళ్లయిన కొత్తజంటలు ముందే వచ్చి కూర్చుంటారు. మన నగరాల్లో ఇన్ని రకాల మనుషులు ఒకే వస్తువు వైపు చూస్తూ పక్కపక్కన కూర్చునే చోట్లు ఎక్కువ లేవు. ఒక దివాను కుటుంబం సొత్తు, మూడో సాలార్‌జంగ్ పోయాక, 1951 డిసెంబరు 16న నెహ్రూ చేతుల మీదుగా జనానికి తెరుచుకుంది. 1961 చట్టంతో జాతీయ ప్రాధాన్యం గల సంస్థ అయింది. గడియారం చూసి లేచిన ఆ కుటుంబానికి, పక్క గదిలో ఇది ఎవరు కొన్నారు, ఎక్కడి సొమ్ముతో కొన్నారు, మన చేతికి ఎలా వచ్చింది అని వాళ్ల భాషలో, చదవగలిగే అక్షరాల్లో రెండు వాక్యాలు కనిపిస్తే అక్కడే చర్చ మొదలవుతుంది. దానికి కోట్లు అక్కర్లేదు.

ఒక్క మనవి. 2014లో ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కలిపిన మండలాల్లోనూ, దేవీపట్నం వైపూ పోలవరం ప్రాజెక్టు ముంపు ఊళ్లున్నాయి. కొన్నింటి నుంచి కోయలు, కొండరెడ్లు, మిగతా జనం ఇప్పటికే కాలనీలకు వెళ్లారు. కొన్నింటిలో ఇంకా ఉన్నారు. వరద వచ్చినప్పుడల్లా గండి పోచమ్మ గుడి మునుగుతోంది. నాగార్జునకొండలో రాళ్లకు చేసింది ఇక్కడ ఊళ్లకు చేయవచ్చు. ప్రతి ఊరి నుంచి ఒక గుమ్మం, ఒక బడి హాజరు పట్టిక, ఒక విత్తనాల బుట్ట, ఊరివాళ్లే గీసిన ఊరి పటం, వాళ్ల నోటి మాట తీసి భద్రం చేయాలి. పునరావాస కాలనీల దగ్గరే ఒక మ్యూజియం కట్టి, దాని నేల మీద ఊళ్ల పేర్లు రాయాలి. ఎవరి పొలం ఎక్కడుండేది, పరిహారం ఎంత ఇచ్చారు, నీళ్లు ఎవరి పంటకు చేరాయి అన్నవన్నీ ఒకే గదిలో ఉండాలి. ప్రభుత్వాలు, గిరిజన సంక్షేమ శాఖలు, విశ్వవిద్యాలయాలు, ఆ ఊళ్లలో పుట్టి చదువుకున్న యువకులు కలిసి చేయాల్సిన పని ఇది. వ్యవధి ఎక్కువ లేదు. పోలవరం జలాశయం పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. నీళ్లు అక్కడికి చేరాక ఆ గుమ్మాలు దొరకవు.